కార్డు మీది చుట్టరికం

మెట్టుగూడలోని కౌస్తుభ రెసిడెన్సీ నివాసుల తరఫున ముందుగా ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. మా అపార్ట్‌మెంటులో ఎవరూ మోసపోలేదు. ఈ మేరకు సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానం కూడా చేసింది. మాలో నలుగురి ఇళ్లలో వంటగట్టు ఉండవలసిన చోట ఇటుక ముక్కలు, రాలిన సున్నం, గోడలోంచి పొడుచుకొచ్చిన నల్లా పైపు మాత్రమే కొన్నాళ్లు కనిపించాయంటే, చూసేవాళ్లు దాన్ని వేరేగా అర్థం చేసుకోకూడదని మనవి.

ఆ పని పాకశోభ మాడ్యులర్ కిచెన్స్ అనే సంస్థది. సంస్థ పనితనాన్ని మేము ఇప్పటికీ మెచ్చుకుంటాము. కొత్త వంటగది కట్టడంలో మొదటి దశ పాతదాన్ని పగలగొట్టడం. ఆ దశను వాళ్లు చెప్పిన రోజుకు, చెప్పిన వేళకు, చెదరని క్రమశిక్షణతో పూర్తి చేశారు. హైదరాబాదులో ఒక పనివాడు చెప్పిన వేళకు రావడమే అనుమానించవలసిన విషయమని ఆ రోజు మాకు తోచలేదు. రెండో దశకు ముందే షోరూము షట్టరు దిగింది. దాని మీద ఒక కాగితం అంటించి ఉంది. సంస్థ ఆర్థిక ఇబ్బందుల వల్ల మూతపడిందనీ, ఇంతకాలం ఆదరించిన వినియోగదారులకు కృతజ్ఞతలనీ అందులో ఉంది. అక్షరదోషాలు లేవు. మా రామ్మోహనరావు గారు చదివి, “మర్యాద తెలిసిన కంపెనీ” అన్నారు.

ఇక్కడ మా సంఘం అధ్యక్షులు రఘునాథ్ గారి గురించి, అంతకంటే ముఖ్యంగా వారి కార్డు గురించి చెప్పాలి.

రఘునాథ్ గారు రైల్వేలో అకౌంట్సు విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. వారి దగ్గర ఒక బ్యాంకు వారి క్రెడిట్ కార్డు ఉంది. దానికి నల్లటి రంగు, బంగారు గీత. ఫ్రిజ్జులకూ, ఫోన్లకూ, పరుపులకూ పండగ తగ్గింపులు ఎప్పుడు ప్రకటించినా, ఆ తగ్గింపు సరిగ్గా ఈ కార్డు మీదే ఉంటుంది. అందువల్ల మా అపార్ట్‌మెంటులో ఎవరు ఏం కొన్నా వారిని వెంటబెట్టుకుని పోవడం ఆచారం. వారు గీకుతారు. మేము ఇంటికొచ్చి వారి చేతిలో డబ్బు పెడతాము. తగ్గింపు మాది, పాయింట్లు వారివి. రసీదు మీద వారి పేరుంటుంది. ఆ లెక్కన మా నాలుగంతస్తుల్లో చల్లబడే ప్రతి ఫ్రిజ్జుకూ కాగితాల ప్రకారం వారే యజమాని.

పోగైన పాయింట్లతో వారు చక్రాల సూట్‌కేసు తెచ్చుకున్నారు. విమానాశ్రయం లాంజ్‌లో ఉచితంగా తినే హక్కు కూడా సంపాదించారు. రైల్వే పాసు ఉన్న మనిషి కాబట్టి వారికి విజయవాడ పోవడానికి ఖర్చు లేదు. అయినా లాంజ్‌లో ఇడ్లీ ఉచితమని విజయవాడకు విమానం టికెట్టు కొన్నారు. ఇడ్లీ తిని, విజయవాడ పోయి, పాసు మీద రైల్లో వెనక్కి వచ్చారు. ఆ ఇడ్లీ మెత్తదనం గురించి లిఫ్టులో మాకు చాలాకాలం చెప్పారు.

పాకశోభ వారి తగ్గింపు ప్రకటన తెచ్చింది కూడా వారే. మేడ మీద సమావేశం పెట్టి, కార్డును జేబులోంచి తీసి చూపించి మాట్లాడారు.

“ఇది ఉత్త కార్డు కాదు. మన బిల్డింగు ఇజ్జత్. మొత్తం పైసలు ముందే కడితే సగానికి సగం తగ్గిస్తమంటున్నరు. గిట్లాంటి మౌకా మళ్లొస్తదా?”

నలుగురం ముందుకొచ్చాము. రామ్మోహనరావు గారు, జిరాక్సు షాపు కిషన్, మేము, పక్క ఫ్లాటు గ్రేసీ గారు. రఘునాథ్ గారు మాత్రం తమ వంటగదిని మార్పించుకోలేదు. అందరికీ మంచి జరగాలని కోరి తాము పాతదాంతోనే సర్దుకునే నాయకులు ఈ రోజుల్లో అరుదు.

మాకు ముగ్గురికీ అది ముచ్చట. గ్రేసీ గారికి అలా కాదు. భర్త దేవానందం గారు పోయాక ఆమె ఇల్లు నడుస్తున్నది ఆ వంటగది మీదే. డిసెంబరు వస్తే అచ్చుతో నూనెలో వేసే గులాబీ పువ్వులు, చెక్కలు, ప్లమ్ కేకులు. మెట్టుగూడ నుంచి కాప్రా దాకా ఆమె వాయిల కోసం కాచుకునే ఇళ్లున్నాయి. ఆ ఒక్క నెల సంపాదనతో ఆమెకు ఏడాదిలో సగం వెళ్లిపోతుంది. పాత గట్టు చిన్నది, పెద్ద మూకుడు పట్టదు. గట్టు వెడల్పయితే ఆర్డర్లు ఇంకో నాలుగు తీసుకోవచ్చునని దాచుకున్నదంతా తెచ్చి రఘునాథ్ గారి చేతిలో పెట్టింది. షట్టరు దిగాక ఆమెకు గట్టు లేదు, డబ్బు లేదు. బాల్కనీలో పీట మీద ఒంటి పొయ్యి ఉంది. క్రిస్మస్ దగ్గర పడుతోంది.

షట్టరు దిగిన వారం సంఘం చురుగ్గా స్పందించింది. మొదట ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. దాని పేరు మీద రెండు రోజులు చర్చ జరిగింది. ‘బాధితులు’ అనే మాటకు రామ్మోహనరావు గారు ఒప్పుకోలేదు. మోసపోయినవాళ్లనుకుంటారు, పరువు పోతుంది అన్నారు. చివరికి ‘పాకశోభ మిత్రులు’ అని ఖాయం చేశారు. తరువాత మూసిన షట్టరు ముందు ధర్నా. టెంటు వేశారు, కుర్చీలు తెచ్చారు, సమోసాలు వచ్చాయి. రామ్మోహనరావు గారు షట్టరు వైపు తిరిగి ఇరవై నిమిషాలు ప్రసంగించారు.

“వినియోగదారుడు దేవుడు. దేవుడి వంటగదిని కూల్చినవారు ఏ న్యాయస్థానంలోనూ తలెత్తుకోలేరు. ఈ షట్టరు సాక్షిగా చెబుతున్నాను, మేము మౌనంగా ఉండబోము.”

షట్టరు వారి మాట చివరిదాకా విన్నది. ఎవరైనా ఆగి “ఎంత పోయింది సార్” అని అడిగితే మాత్రం ప్రతివారూ, “నాదేం లేదండీ, మావాళ్లకు తోడుగా వచ్చాను” అన్నారు. ధర్నాలో తీసిన ఫొటోలో నలుగురు బాధితులూ ఒకరికొకరు తోడుగా వచ్చినవారే.

ధర్నా కుర్చీలో ఊరికే కూర్చోలేక నేను చేతిలో ఉన్న ఫోనులో బ్యాంకు వారి నిబంధనలు చదివాను. చదువుకున్న రోజుల్లో కూడా ఫుట్‌నోట్లు వదలని అలవాటు. కార్డుతో డబ్బు కట్టి, సరుకు అందక ముందే కంపెనీ మూతపడితే, ఆ చెల్లింపు మీద బ్యాంకుకు అభ్యంతరం చెప్పవచ్చునట. గడువులోగా ఫారం నింపి, రుజువులు పెడితే, బ్యాంకు విచారించి డబ్బు వెనక్కి వేస్తుందట. ఈ సంగతి గ్రూపులో పెట్టాను. దానికి పదకొండు నమస్కారాలు, ఒక గులాబీ బొమ్మ వచ్చాయి. ధర్నా మర్నాడు కూడా కొనసాగింది.

చిక్కు ఏమిటంటే ఆ ఫారం కార్డు ఎవరి పేరుమీద ఉందో వారే నింపాలి. అంటే రఘునాథ్ గారు. మేము నలుగురం వారింటికి వెళ్లాము.

“పరేషాన్ కాకుండ్రి,” అన్నారు వారు. “కంపెనీ మళ్ల తెరుస్తరు. మనం తొందరపడి కంప్లైంటు చేస్తే వాళ్ల మనసు నొవ్వదా? ఓపిక గావాలె.”

“అన్నయ్యగారూ, గడువు దాటిపోతుందంటున్నారు,” అంది గ్రేసీ గారు.

“గడువుదేముందమ్మా. దేవుడిని నమ్ముకున్నదానివి నువ్వు గట్ల అంటవేంది?”

గ్రేసీ గారు దేవుడిని నమ్ముకున్నదే. కానీ దేవుడు బ్యాంకు ఫారాల మీద సంతకం చేయడని కూడా ఆమెకు తెలుసు. ఇంకోసారి పోయింది, తాను ఒంటి పొయ్యి మీద వేసిన గులాబీ పువ్వులు డబ్బాలో పెట్టుకుని. రఘునాథ్ గారు పువ్వులు తిన్నారు, ఓపిక గురించి చెప్పారు.

అసలు సంగతి వారి భార్య కాంతమణి గారు మెట్ల మీద నాతో చెప్పింది.

“మనిషి నిద్ర పోతలేడు. పైసలు వాపసొస్తే ఆ పాయింట్లు సుత కట్ చేస్తరంట. గోవాల హోటలు బుక్ చేసిండు వాటితోని. రెండు రాత్రులు. పొద్దున నాష్టా ఫ్రీ.”

ఇందులో వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. నాలుగు వంటగదులు ఒక పక్క, ఉచిత నాష్టా ఒక పక్క పెట్టి తూచవలసి వస్తే ఎంతటివారికైనా నిద్ర పట్టదు.

చివరికి పని చేసింది న్యాయమూ కాదు, కరుణా కాదు. మా ఆయన రాఘవేందర్ ఒక సాయంత్రం వాకింగులో మామూలుగా అన్నారు. “సార్, నాలుగు బిల్లులూ మీ పేరు మీదనే ఉన్నయి గద. ఒక రిటైర్డు మనిషి ఒకే నెలల నాలుగు కిచెన్లు ఎందుకు కొన్నడని రేపు ఇన్‌కమ్ టాక్సోళ్లు అడిగితే ఏం చెప్తరు?”

అకౌంట్సు మనిషికి ఆడిట్ అన్న ఆలోచన చాలు. ఆ రాత్రే ఫారం నింపారు. గోవా హోటలు వదులుకున్నట్టు ప్రకటించి, అది త్యాగమని గ్రూపులో పెట్టారు. మళ్లీ నమస్కారాలు వచ్చాయి.

కొన్నాళ్లకు బ్యాంకు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. రఘునాథ్ గారు స్పీకరు పెట్టారు. మేమంతా వారి హాల్లో చుట్టూ కూర్చున్నాము.

“సర్, మీ ఇంట్లో వంటగదులెన్ని?”

“ఒకటే మేడం.”

“మరి నాలుగు కిచెన్లకు కట్టారు. ఇవి ఎవరికోసం? మీ కార్డు సొంత అవసరాలకూ, కుటుంబానికీ వాడాలి సర్. బయటివాళ్ల కొనుగోళ్లకు ఇవ్వకూడదు.”

రఘునాథ్ గారు మా వైపు చూశారు. మేము వారి వైపు చూశాము. 

“బయటోళ్లెవరు లేరు మేడం,” అన్నారు. “అందరు మా ఫ్యామిలీనే.”

“గ్రేసీ గారు మీకేమవుతారు సర్?”

“చెల్లెలు.”

“సొంత చెల్లెలా?”

“మాది పెద్ద ఫ్యామిలీ మేడం. నువ్వే చెప్పమ్మా గ్రేసీ.”

గ్రేసీ గారు అబద్ధం ఆడని మనిషి. కాస్త ఆలోచించింది. “పదహారేళ్లుగా అన్నయ్యగారనే పిలుస్తున్నానండీ,” అంది.

ఆ అమ్మాయి టైపు చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ వరుసలోనే రామ్మోహనరావు గారు బావగారయ్యారు. కిషన్ తమ్ముడయ్యాడు. మా ఆయన తోడల్లుడయ్యారు, దాంతో నాకు తెలియకుండానే నేను కాంతమణి గారికి చెల్లెల్నయ్యాను. ఇందులో మేము కొత్తగా కల్పించింది ఏమీ లేదు. రోజూ పాలప్యాకెట్ల దగ్గర పిలుచుకునే పిలుపులే. కాకపోతే అంతకుముందు అవి గాలిలో కలిసిపోయేవి, ఇప్పుడు వరుసలన్నీ రాసి, కింద రఘునాథ్ గారు సంతకం పెట్టి, బ్యాంకుకు పంపించారు.

డబ్బు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు, రఘునాథ్ గారి కార్డులోకి.

వారు మళ్లీ మేడ మీద సమావేశం పెట్టారు.

“పైసలొచ్చినయి. అందరికి ముబారక్. గని జెర ఆలోచన చేద్దాం. మనమంత ఒక్కటే ఫ్యామిలీ అని బ్యాంకోళ్లకు రాసిచ్చినం. ఇప్పుడు నేను నాలుగు హిస్సాలు పంచితే వాళ్లేమనుకుంటరు? ఇంట్ల ఇంట్ల లెక్కలేంది? పైసలు నా దగ్గరుంటే మీ దగ్గరున్నట్టే. అసలు ఈ మొత్తంల నష్టపోయింది ఎవరంటే నేను. నా పాయింట్లు మైనస్ల ఉన్నయి.”

రామ్మోహనరావు గారు దీన్ని సమర్థిస్తూ ఉమ్మడి కుటుంబ వ్యవస్థ మీద మాట్లాడారు. తమ డబ్బు కూడా అందులోనే ఉందన్న సంగతి ప్రసంగం మధ్యలో గుర్తొచ్చినట్టుంది, గొంతు తగ్గింది. అయినా అడగలేదు. అడిగితే డబ్బు కోసం ఆరాటపడుతున్నామనుకుంటారు. మా ఆయన ఇంటికొచ్చి, “ఆయన చెప్పిందీ పాయింటే” అన్నారు. పాయింట్లు ఎవరికి పోతాయో నాకు అప్పటికే తెలుసు. ఆ వారం రఘునాథ్ గారు కార్డులో చేరిన మా డబ్బుతో పెట్రోలు పోయించారు, బియ్యం బస్తా తెచ్చారు, కరెంటు బిల్లు కట్టారు.

 మర్నాడు పొద్దున గ్రేసీ గారు, చర్చి స్నేహితురాలు మేబెల్‌ను వెంటబెట్టుకుని, రఘునాథ్ గారి గుమ్మం ముందు నిలబడింది. మేబెల్ చేతుల్లో పెద్ద మూకుడు. గ్రేసీ గారి చేతుల్లో గులాబీ పువ్వుల అచ్చులు, పిండి డబ్బాలు. వెనక వాచ్‌మన్ నూనె డబ్బాలు దింపుతున్నాడు.

“ఏందమ్మా ఇది?” అన్నారు రఘునాథ్ గారు.

“పుట్టింటికొచ్చాను అన్నయ్యగారూ. అన్నగారింట్లో ఇంత వంటగది ఉండగా నేను బాల్కనీలో వండుకుంటుంటే చూసేవాళ్లు మిమ్మల్నే అంటారు. మీకు నామోషీ. పది రోజులు, క్రిస్మస్ వెళ్లగానే వెళ్లిపోతాను.”

కాంతమణి గారు లోపలి నుంచి వచ్చి చూసింది. ఆమె ముఖంలో ఏదో మెరిసింది.

“రా గ్రేసీ. నీ ఇల్లే. ఆడబిడ్డవు, అడిగొస్తవా?”

ఆడబిడ్డ వంటింట్లోకి పోయింది. పోయీ పోగానే, “వదినా, ఈ బర్నర్లు తోమించి ఎన్నాళ్లయింది?” అంది. ఆ ఒక్క మాటతో బంధుత్వం రుజువైపోయిందని, బ్యాంకు వారికి ఇంక అనుమానం అక్కర్లేదని కాంతమణి గారు తరువాత నాతో అన్నది.

రెండు రోజులు ఆ ఇంట్లో మూకుడు దిగలేదు. రఘునాథ్ గారు చాయ్ అడిగితే, “ఒక్క వాయి అవనివ్వండి అన్నయ్యగారూ” అనేది గ్రేసీ గారు. ఆ వాయి అయ్యేసరికి ఇంకో వాయి పిండి సిద్ధంగా ఉండేది. వారి సిలిండరు అయిపోయింది, రెండోది తగిలించారు. బోయిగూడ నుంచి, కాప్రా నుంచి మనుషులు వారి కాలింగ్ బెల్లు కొట్టి, “గ్రేసీ ఆంటీ బ్రదర్ మీరేనా? రెండు కిలోలు చెప్పినం, అయినయా?” అని అడిగేవారు. మధ్యాహ్నం నిద్ర ఎగిరిపోయింది.

“ఏమయ్యా,” అంది కాంతమణి గారు అందరూ వినేట్టు, “ఆడబిడ్డ ఇంటికొస్తే చీర పెట్టాలె. ఉత్త చేతులతోని పంపుతమా? దుకాణానికి పోదాం పా. కార్డు తెచ్చుకో.”

వారు దానికి కూడా ఓపిక గురించే చెప్పబోయారు. ఇంతలో కిషన్ వచ్చాడు. అతని చేతిలో కొలతల టేపు ఉంది. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు టేపు పరిచాడు.

“ఏం చేస్తున్నవ్ర?” అన్నారు రఘునాథ్ గారు.

“ఏం లేదన్నా. తమ్మునికి హిస్సా ఎంతొస్తదో జెర చూస్తున్న. మీరే గద సంతకం పెట్టి రాసిచ్చిండ్రు. బాల్కనీ దిక్కు నాకైతే బాగుంటది. జిరాక్సు మిషిన్‌కు గాలి గావాలె.”

రఘునాథ్ గారు కుర్చీలో కూర్చున్నారు. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నలుగురి ఖాతాల్లోనూ డబ్బు పడింది. బియ్యం బస్తా సహా లెక్క సరిపోయింది. బ్యాంకు వారాల తరబడి చేసిన పనికంటే కొలతల టేపు వేగంగా పనిచేసిందని ఒప్పుకోవాలి. గ్రేసీ గారు ఆ రాత్రే ఫోన్ చేసి, బోయిగూడ మేస్త్రీని పిలిపించుకుంది. మూడు రోజుల్లో నల్లరాయి గట్టు లేచింది, సాదాగా, ఆమెకు కావలసినంత వెడల్పుగా. మూకుడు తీసుకుని తన ఇంటికి పోతూ, ఒక కేకు రఘునాథ్ గారి బల్ల మీద పెట్టి పోయింది. ఆ డిసెంబరు ఆర్డర్లలో ఒక్కటి కూడా తప్పిపోలేదు.

సంఘం అత్యవసరంగా సమావేశమై మరో తీర్మానం చేసింది. నివాసులు ఇకపై ఒకరినొకరు వరుసలతో పిలుచుకోరాదు. అక్క, బావ, అన్న మొదలైన పిలుపులు వెంటనే రద్దు. అత్యవసరమైతే ఫ్లాటు నంబరుతో పిలవవచ్చును. తీర్మానాన్ని లిఫ్టులో అంటించారు. నెల రోజులు మేము దాన్ని తు.చ. తప్పకుండా పాటించాము. పాలప్యాకెట్ల దగ్గర మూడువందల రెండు నాలుగువందల ఒకటికి నమస్కారం పెట్టేది.

పై అంతస్తులో అనుపమ అనే అమ్మాయి అద్దెకు దిగింది. ఏదో కంపెనీలో ఉద్యోగం, ఒక్కతే ఉంటుంది. పెళ్లికాని అమ్మాయిలు ఒంటరిగా ఉండటంపై సంఘానికి కొన్ని సూత్రబద్ధమైన అభ్యంతరాలున్నందున ఆమెతో ఎవరూ మాట్లాడేవారు కాదు. మొన్న ఆదివారం పేపర్లో సోఫాల కంపెనీ ఒకటి పేజీ నిండా ప్రకటన ఇచ్చింది. మొత్తం ముందే కడితే సగానికి సగం, ఫలానా కార్డు ఉన్నవారికి మాత్రమే. అది రఘునాథ్ గారి కార్డు కాదు. ఆ కార్డు అనుపమ పర్సులో ఉన్నట్టు లిఫ్టులో ఎవరో చూశారు.

సాయంత్రానికి సంఘం అభ్యంతరాలన్నీ తొలగిపోయాయి. రామ్మోహనరావు గారు గేటు దగ్గర ఆమె చేతిలోని సంచీ అందుకుంటూ, “ఇటివ్వు చెల్లెమ్మా” అన్నారు. ఆ అమ్మాయి వారి మనవరాలి ఈడుది. రఘునాథ్ గారు, “బిడ్డా, అన్నం తింటున్నవా టైముకు?” అని అడిగారు. కిషన్ అక్కా అన్నాడు.

ఈ మనుషులను చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే పులిహోర కలిపి గిన్నెకెత్తి, పైన మూత పెట్టాను. మా సోఫాలో ఒక స్ప్రింగు ఎప్పటినుంచో గుచ్చుకుంటోంది. మెట్లెక్కి బెల్లు కొడితే అనుపమ తలుపు సందులోంచి చూసి, “ఎవరండీ?” అంది.

“పిన్నినమ్మా,” అన్నాను.